లోర్నా గొంతు ఎవరి సొత్తు

మా లైబ్రరీలో ప్రింటర్ మొరాయించిందని వెర్లిన్ హౌగెన్‌కు ఫోన్ చేయడమంటే ఉపన్యాసానికి టికెట్టు కొనుక్కోవడమే. పెద్దమనిషి వస్తాడు, బూట్ల మంచు దులుపుకుంటాడు, ప్రింటర్ వంక చూడనైనా చూడకుండా నా వైపు తిరుగుతాడు.

"మిర్నా, ఇదెవరిది?"

"లైబ్రరీది."

"కాదు. లైబ్రరీ దీన్ని మోస్తోందంతే. లోపలేముందో చూడనివ్వరు, మార్చనివ్వరు, వేరేవాళ్ళ సిరా పొయ్యనివ్వరు. ఇంక నీదెలా అయింది?"

"ముందు బాగుచెయ్యి నాయనా. పాస్టరుగారు ప్రార్థన పాటల కాగితాల కోసం నిలబడి ఉన్నారు."

బాగుచేసేవాడు. కాకపోతే ఆ పాఠమంతా వినిపించాకే. మిన్నెసోటా ఉత్తరాన ఇనుప గనుల ఊరు మాది. గని మీద, హాకీ మీద, చలి మీద తప్ప ఇంకో విషయం మీద అభిప్రాయం ఉన్న మనిషి అరుదు. వెర్లిన్‌కేమో ఆ మూడింటి మీదా అభిప్రాయం లేదు. టెలిఫోన్ కంపెనీలో స్తంభాలెక్కి దిగి రిటైరైన ఆయనకు ఉన్నదంతా ఒకటే పట్టింపు. మనిషి వాడే ప్రోగ్రాం మనిషి చేతిలో ఉండాలి. దాన్ని విప్పి చూసుకోవాలి, మార్చుకోవాలి, పక్కవాడికి పంచాలి. అలాంటి ప్రోగ్రాములు తప్ప ఇంట్లో ఇంకోటి అడుగుపెట్టనిచ్చేవాడు కాదు. టెక్నాలజీ వార్తలొచ్చే ఒక సైట్‌లో, ప్రతి వార్త కిందా, సొంత పేరుతోనే, చాంతాడంత వ్యాఖ్యలు రాసేవాడు.

మంగళవారం సాయంత్రాలు మా లైబ్రరీ వెనక గదిలో ఆయన బృందం కూడేది. బృందమంటే ఎంతోమంది అనుకునేరు. వెర్లిన్, గనిలో ట్రక్కు నడిపి మానేసిన గోర్డీ సారి, అప్పుడప్పుడు ఇంకొకరిద్దరు. కాఫీ పెట్టి, ఆఖర్న తాళం వేసేదాన్ని నేను. గోర్డీది పేటెంట్ల పిచ్చి. 'ఫోన్ గుండ్రటి మూల మీద కూడా పేటెంటేనా' అంటూ మొదలుపెడితే ముఖం కందగడ్డ అయ్యేదాకా ఆపడు. పాత కంప్యూటర్ పట్టుకుని ఎవరైనా సాయానికొస్తే మాత్రం వెర్లిన్ ఒక నియమం పెట్టాడు. తెర మీద 'ఒప్పుకుంటున్నాను' అనే మీట నొక్కబోతే, దాని పైనున్న ఒప్పందమంతా పైకి చదవాలి, గదిలో అందరికీ వినబడేలా. పాస్టరుగారు ఒకసారి పాపం గంటసేపు చదివి, గొంతు పట్టేసి, చివరికి నొక్కకుండానే వెళ్ళిపోయారు. వెర్లిన్‌కు ఆ రోజు పండగ.

"ఊళ్ళో ఒక్క మనిషిని కాపాడాను," అన్నాడు.

"ఆయన వంటల వీడియో చూద్దామనుకున్నాడయ్యా," అన్నాను నేను.

ఇక ఆయన భార్య లోర్నా. ఆమెను చూడనివాళ్ళు కూడా ఆమె గొంతు ఎరుగుదురు. మా రేడియో స్టేషన్‌లో, మంచు కూరుకుపోయిన పొద్దుటిపూట, ఏయే బడులకు సెలవో చదివేది ఆమే. మా గనుల ఊళ్ళన్నిటా పిల్లలు దుప్పట్లలో ఊపిరి బిగబట్టి ఆ గొంతు కోసం కాచుకునేవాళ్ళు. అన్నీ చదివి, ఆఖర్న "టోపీ పెట్టుకోండర్రా" అనేది. సెలవు లేని బడి పిల్లలకు అదే ఓదార్పు. వెచ్చగా, కాస్త బొంగురుగా, నవ్వు దాచుకున్నట్టుండేది ఆ గొంతు. అన్నీ అప్పటికప్పుడు చదివినవే కాబట్టి స్టేషన్ వాళ్ళు ఒక్కటీ దాచలేదు.

ఆ లోర్నాకు కండరాలు ఒక్కొక్కటే పని మానేసే జబ్బొచ్చింది. ముందు చేతులు పోతాయి, తర్వాత మాట పోతుందని డాక్టరు చెప్పేశాడు. మాట ఉండగానే కొన్ని వందల వాక్యాలు చదివి రికార్డు చేయించుకుంటే, ఒక కంపెనీ ఆ గొంతును అచ్చుగుద్దినట్టు తయారుచేసి ఇస్తుందన్నాడు. తర్వాత కళ్ళతో అక్షరాలు చూపిస్తే చాలు, యంత్రం ఆమె గొంతుతోనే మాట్లాడుతుంది.

ఇక్కడే వెర్లిన్ చేసిన పని చెబితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఇంకే మొగుడైనా ఆ సాయంత్రమే రికార్డింగు మొదలుపెట్టించేవాడు. వెర్లిన్ ఒప్పందం చదివాడు. రికార్డులన్నీ కంపెనీ సొత్తవుతాయని, తయారైన గొంతు వాళ్ళ కంప్యూటర్లలోనే ఉంటుందని అందులో ఉంది. ఆ రెండు షరతులూ మార్చమని కంపెనీకి రాశాడు. జవాబు రాలేదు. మళ్ళీ రాశాడు. బృందంలో చర్చ పెట్టాడు. అదంతా జరుగుతుండగా లోర్నా నాలుక మందమవుతూ వచ్చింది. ఫోన్‌లో నాతో మాట్లాడుతుంటే మాటల చివర్లు జారిపోవడం నాకే తెలిసేది.

ఒక మధ్యాహ్నం నేను బంగాళాదుంపలతో హాట్‌డిష్ వండి వాళ్ళింటికి పట్టుకెళ్ళాను. వెర్లిన్ మూడో ఉత్తరం రాస్తున్నాడు. లోర్నా కుర్చీలోంచి ముద్దముద్దగా అంది, "న్నొక్కు, వెర్లిన్."

"ఇంకో వారం చూద్దాం లోర్నా. వాళ్ళ లాయరు..."

"నా గొంతు పోతోంది. నీ లాయరు పోడు. నొక్కు."

వెర్లిన్ నొక్కాడు. అందరిచేతా పైకి చదివించిన మనిషి, ఈసారి కొత్తగా ఇంకో నాలుగు పేజీలొస్తే చదవకుండానే నొక్కాడు. నేను చూస్తూనే ఉన్నాను.

తయారైన గొంతు లోర్నాదే, కాకపోతే కాస్త మందంగా ఉండేది, జలుబు చేసిన పొద్దున్న మాట్లాడినట్టు. ఆ ఆలస్యం పుణ్యమే అదని వెర్లిన్‌కూ తెలుసు. ఆమె మాత్రం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఆ గొంతుతోనే వెర్లిన్‌ను సతాయించేది, కుక్కను పిలిచేది, గోర్డీ పేటెంట్ల గొడవ మొదలెడితే "గోర్డీ, కాఫీ తాగు" అని నోరు మూయించేది. ఒక మంచు పొద్దున్న రేడియో వాళ్ళు ఫోన్‌లో పట్టుకుని ఆమెచేత "టోపీ పెట్టుకోండర్రా" అనిపించారు కూడా. ఊరంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

తర్వాతి శరత్కాలంలో ఆ కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొనేసింది. కొన్నవాళ్ళకు కావలసింది ఆ కంపెనీ పేటెంట్లు. గొంతుల వ్యాపారం వాళ్ళకు అక్కర్లేదు. నెల తర్వాత ఫలానా రోజు పన్నెండింటికి కంప్యూటర్లు ఆపేస్తున్నామని, ఇన్నాళ్ళూ తమతో ఉన్నందుకు కృతజ్ఞతలని మెయిల్ వచ్చింది.

లోర్నా గొంతు తన దగ్గరున్న యంత్రంలో లేదు. ఎక్కడో వాళ్ళ దగ్గరుంది. తాళం పగలగొడదామంటే పగలగొట్టడానికి ఇక్కడ తాళమే లేదు. పోనీ తను చదివిన అసలు రికార్డులైనా ఇవ్వండని అడిగితే, అవి సంస్థ ఆస్తిలో భాగం కాబట్టి వీలుపడదన్నారు. ఇంట్లో ఉన్న పెళ్ళి వీడియోల్లోంచి ఆమె గొంతు లాగాలని గోర్డీ తంటాలు పడ్డాడు. వెనకాల మోగే పోల్కా బాజాతో కలిసి అది అకార్డియన్ మాట్లాడినట్టే వచ్చింది. లోర్నా విని, "ఇది మా అత్త," అంది.

వెర్లిన్ టెక్నాలజీ వార్తల సైట్‌కు జరిగింది రాసి పంపాడు. వాళ్ళు పెద్ద అక్షరాల్లో వేశారు. ఎన్ని వ్యాఖ్యలో! కాపీరైట్ చట్టం మార్చాలన్నారొకరు. మార్కెట్టంటే అంతే అన్నారింకొకరు. ఒకాయన గొంతుకు పేటెంటు ఉండొచ్చా లేదా అని పుస్తకమంత రాశాడు. దాని మీద మళ్ళీ ఇద్దరు కొట్టుకున్నారు. అందరూ లోర్నా పక్షమే, ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. ఆఖరికి ఒకడు ఎక్కడినుంచో వెర్లిన్ పాత వ్యాఖ్యనే తవ్వి తెచ్చి అక్కడ పెట్టాడు. 'ఒప్పందం చదవకుండా నొక్కినవాడు తర్వాత మా దగ్గరికొచ్చి ఏడవకూడదు' అని. కింద వెర్లిన్ పేరు. దాని తర్వాత ఆయన ఆ సైట్‌లో ఒక్క ముక్క రాయలేదు.

అప్పటికీ దారి ఉంది. యంత్రం ముందు మైకు పెట్టి, గొంతు పనిచేస్తుండగానే వాక్యాలు వరసగా చెప్పించి రికార్డు చేసుకుంటే సరి. దాన్నుంచి గోర్డీ తన ప్రోగ్రాంతో ఎలాగో ఇంకో గొంతు తయారుచేస్తానన్నాడు. మంగళవారం ఆ మాటే తేల్చుకోవడానికి కూర్చున్నాం.

"ఆ గొంతును కాపీ చెయ్యకూడదని ఒప్పందంలో ఉంది," అన్నాడు వెర్లిన్.

"ఉంటే?" అన్నాను.

"మన లైసెన్సులు నిలబడేది కూడా ఈ కాపీరైట్ చట్టం మీదే మిర్నా. మనం పంచుకునే ప్రోగ్రాములు ఎవడో మింగెయ్యకుండా కాపాడేది అదే. వాళ్ళ లైసెన్సును మనం తొక్కేస్తే, రేపు మనదాన్ని గౌరవించమని ఏ మొహం పెట్టుకుని అడుగుతాం? అనుమతి అడుగుతూ రాశాను. రానీ."

"వెర్లిన్, అది నీ పెళ్ళాం గొంతయ్యా!"

"తెలుసు," అన్నాడు. గోర్డీ నేల చూశాడు. వాడికీ అదే సిద్ధాంతం మరి. ఇంకెవరైనా అయితే అదే రోజు మైకు పెట్టేవాళ్ళు. వీళ్ళు మాత్రం అనుమతి కోసం ఎదురుచూశారు. అనుమతి రాలేదు.

ఆఖరి రోజు పొద్దున్నే వెర్లిన్ ఫోన్ చేశాడు. "మైకు తీసుకురా," అన్నాడు, అంతే. లైబ్రరీలో కథల రికార్డింగుకు వాడే మైకు, హెడ్‌ఫోన్లు, రికార్డు చేసే పెట్టె అన్నీ కారులో వేసుకుని వెళ్ళాను. గోర్డీ కూడా వద్దామనుకున్నాడు గానీ వాడి కారు స్టార్టవలేదు.

పన్నెండింటిదాకా బోలెడు సమయం ఉందనుకున్నాం. వెర్లిన్ తలుపు సందులు తువ్వాళ్ళతో మూశాడు. ఫ్రిజ్ ఆపాడు. కుక్కను బయటికి పంపాడు. రికార్డు ఏ రకం ఫైల్లోకి వెళ్ళాలో నాకు వివరించాడు. ఎవరి పేటెంటూ అంటనిదట అది. అప్పుడు కూడా ఆ మాట అనకుండా ఉండలేకపోయాడు పాపం. హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మైకు ముందు తనే "ఒకటి, రెండు, మూడు" అని రికార్డు చేసి, సరిగ్గా వచ్చిందో లేదో వింటూ కూర్చున్నాడు.

లోర్నా కళ్ళు తెర మీద తిరుగుతున్నాయి. అక్షరం తర్వాత అక్షరం. కాసేపటికి యంత్రం ఆమె గొంతుతో అంది:

"ఆ మీట నొక్కమన్నది నేను. నీ తప్పేం లేదు ముసలోడా. టోపీ పెట్టుకో."

వెర్లిన్ తలెత్తాడు. ఆమె పెదవి కదలకపోయినా ఏదో చెప్పిందని కళ్ళను బట్టి కనిపెట్టినట్టున్నాడు. హెడ్‌ఫోన్లు ఒక చెవి మీంచి లాగాడు.

"ఏమన్నావ్ లోర్నా? ఆగు, ఆగు, ఇంకా రికార్డు నొక్కలేదు. ఆఁ, ఇప్పుడు. మళ్ళీ చెప్పు."

లోర్నా మళ్ళీ కళ్ళతో అక్షరాలు ఏరింది. ఆఖరి అక్షరం మీద చూపు నిలిపింది. యంత్రం పలకలేదు. తెర మీద ఒక చిన్న గడి వచ్చింది. ఈ గొంతు ఇప్పుడు అందుబాటులో లేదని.

మా గడియారంలో పదకొండు. కంపెనీ ఉన్నది తూర్పున. వాళ్ళకు పన్నెండైంది. ఎవరి పన్నెండో మెయిల్లో లేదు, మాకెవరికీ తట్టలేదు. దేశమంతా తీగలు కలిపే ఉద్యోగం చేసిన మనిషి వెర్లిన్‌కు తట్టలేదు.

పెట్టెలో మిగిలింది ఆయన గొంతే. ఒకటి, రెండు, మూడు.

ఇప్పుడు లోర్నా ఒక ఉచిత ప్రోగ్రాంతో మాట్లాడుతుంది. దాని తయారీలో ఎప్పుడో వెర్లిన్ చెయ్యి కూడా పడింది. రేకు డబ్బాలో చెంచా ఆడించినట్టుంటుంది దాని మాట. ఆ రోజు ఏమందో మళ్ళీ చెప్పమని వెర్లిన్ బతిమాలితే, "చెప్పేశాను. ఈ డబ్బాతో మళ్ళీ చెప్పను," అంది. దాంతో నన్ను పట్టుకున్నాడు. పొల్లుపోకుండా చెప్పాను.

"టోపీ అన్నప్పుడు నవ్విందా?" అని అడిగాడు.

"నవ్వినట్టే ఉంది."

ఆ డబ్బా గొంతులో ఏ ముక్కనైనా విప్పి మార్చుకునే హక్కు ఆయనకుంది. ఎవరినీ అడగనక్కర్లేదు. అందుకే మంగళవారాలు ఇప్పుడు బృందం లేదు, చర్చ లేదు. వెర్లిన్ కంప్యూటర్ తీసుకుని నా బల్ల దగ్గరికి వస్తాడు. వారమంతా సాగదీసి, మెత్తబరిచి, బొంగురు కలిపి తెచ్చిన ఆ వాక్యాన్ని నాకు వినిపిస్తాడు. ఆమె గొంతులో దాన్ని విన్నది ఈ లోకంలో నేనొక్కదాన్నే మరి.

"ఇలాగేనా మిర్నా?"

"ఇంకొంచెం నెమ్మది." "ఆ చివర అంత పైకి వెళ్ళలేదు." ప్రతి వారం ఏదో ఒకటి చెబుతాను. చెప్పి చెప్పి, అసలు ఆమె ఎలా అందో నాలోంచే జారిపోతోందని భయమేస్తోంది.

మొన్నటి మంగళవారం బయట మంచు దంచేస్తోంది. వెర్లిన్ టోపీ లేకుండా వచ్చాడు, చెవులు ఎర్రగా కమిలిపోయాయి. వాక్యం వినిపించాడు. అది లోర్నా కాదు. ఎవరూ కాదు. ఆ మాట చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

"ఇదే వెర్లిన్," అన్నాను. "అచ్చం ఇలాగే అంది."

కంప్యూటర్ మూత వేసి నా ముఖంలోకి చూశాడు. కోప్పడలేదు.

"నీకు అబద్ధమాడటం ఎప్పటికీ రాదు మిర్నా," అని ఆ మూత మళ్ళీ తెరిచాడు.