మా బొచ్చుకుక్క పథ్యం

మా కుక్క మొరగడం కుక్కలాగే మొదలుపెట్టి, సగంలో బాతుగా మారిపోయేది. "భౌ" అని ఎత్తుకుని "క్వాంక్" అని దించేది. తర్వాత మెడ చాచి, ముందుకాళ్లు ఎడంగా పెట్టి, గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు దగ్గీ దగ్గీ, చివరికి ఏమీ జరగనట్టు తోక ఊపేది. గద్వాలలో మా గల్లీకి కొత్తగా అద్దెకు దిగినవాళ్లు, "ఇక్కడ బాతులెవరు పెంచుతరు?" అని అడిగేవారు.

అది సగం పొమరేనియన్. మిగతా సగం ఏమిటో దాని తల్లికే తెలియాలి. తెల్లటి బొచ్చు. ఆ బొచ్చు లోపల అసలు కుక్క ఎంత ఉందో మాలో ఎవరికీ అంచనా లేదు. దానికి ఒక పేరు కాదు, గల్లీలో ఇంటికొక పేరు. ఎవరు ఏ పేరుతో పిలిచినా ఉరికేది. ఎంత తెలివైన కుక్క అని మురిసిపోయేవాళ్లం. అన్ని పేర్లకూ ఎందుకు పలుకుతోందో అప్పుడే ఆలోచించి ఉంటే, ఈ సంగతి ఇక్కడితో అయిపోయేది.

నాయనకు మోటార్లు వైండింగ్ చేసే దుకాణం ఉంది. ఒక వానరోజు రాగితీగల కుప్పలో ఈ కుక్కపిల్ల దొరికింది. నాకు జ్వరమొస్తే నాయన "గోలి ఏసుకొని పండుకో" అంటాడు. కుక్క దగ్గితే అన్నం మానేస్తాడు. సర్కారు కొలువుల నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ఇంట్లో ఖాళీగా ఉన్న కూతురి కంటే, ఖాళీగా ఉన్న కుక్కకే ఆయన దగ్గర విలువ ఎక్కువ. కుక్క కనీసం వాకిలి కాస్తుంది.

చలి తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం అది పక్కింటి చాచీ వాళ్ల పిల్లి వెంట గల్లీ చివరిదాకా ఉరికింది. తిరిగొచ్చి వాకిట్లో కూలబడింది. నాలుక నీలంగా మారింది. నాయన దాన్ని చంటిపిల్లలా ఎత్తుకుని, ఒక కాలికి తన చెప్పు, ఇంకో కాలికి నా చెప్పు వేసుకుని పశువుల దవాఖానకు ఉరికాడు. వెనక నేను, నా రెండో చెప్పుతో.

"సార్, జర తొందరగ సూడుండ్రి. పానం పోతుంది సార్!"

డాక్టరు ఒక బర్రె తోక కిందినుంచి తల బయటికి పెట్టి చూశాడు. "పోతలేదన్నా. తోక ఊపుతుంది గద."

మా ఊళ్లో నాలాగే ఆపదలోనూ జోకులేసే మనిషి ఇంకొకరున్నారని నాకు ఆరోజే తెలిసింది.

బరువు చూడాలన్నాడు. అక్కడ బర్రెల్ని తూచే ఏర్పాటూ లేదు, కుక్కల్ని తూచే ఏర్పాటూ లేదు. ఎదురుగా ఎరువుల దుకాణంలో కాంటా ఉంది. ముందు నాయన కుక్కతో ఎక్కాడు, తర్వాత కుక్క లేకుండా ఎక్కాడు. అంతవరకూ మా ఇంట్లోనే రహస్యంగా ఉన్న నాయన బరువు, యూరియా కోసం నిలబడ్డ జనమందరికీ తెలిసిపోయింది.

"గిదంత బొచ్చు గాదన్నా," అన్నాడు డాక్టరు లెక్క చూసి. "కొవ్వు."

నాయనకు ఎక్కలేదు. డాక్టరు ఆయనకు తెలిసిన భాషలో చెప్పాడు. "నీ దుకాణానికి మోటార్లతోటి మెత్తటి పైపులు గూడ వస్తయి గద. మోటరు జోరుగ గుంజితే పైపు లోపలికి ముడుసుకపోతది. దీని గాలిగొట్టం గట్లున్నది. సుట్టూత కొవ్వు పేరుకొని మీదికెళ్లి ఒత్తుతుంది. ఉరికినప్పుడు గాలి జోరుగ గుంజుతది, పైపు ముడుసుకపోతది, గా బాతు సప్పుడొస్తది."

"పైపు మారుస్తరా సార్?"

"గది మన శాతగాదు. ఒత్తేది తగ్గియ్యాలె. మందు రాస్త, గని అసలు మందు గిన్నెల ఉంటది." ఇక్కడ ఆయన గొంతు కొంచెం మారింది. "ఎండాకాలం నెత్తిమీదికొచ్చె. కుక్కకు మన లెక్క సెమట పట్టదన్నా. నోరు తెరిచి గాలి గుంజితేనే ఒళ్లు సల్లబడ్తది. గా తొవ్వనే ఇరుకైతే గద్వాల ఎండకు ఆగదు. ఎండలు ముదిరేలోపల బరువు దించుండ్రి."

దీనికి నా దగ్గర జోకు లేదు. కాసేపటికి ఒకటి తట్టింది గానీ, నాయన మొహం చూసి లోపలే ఉంచుకున్నాను.

పథ్యం మొదలైంది. ముల్లు తీసి ఉడికించిన చేప. అందులోని నూనె గొంతు వాపుకు మంచిదట. మెత్తగా పిసికిన గుమ్మడికాయ, లేకపోతే సొరకాయ. దాంట్లో పిడికెడు అన్నం. నెయ్యి, నూనె, ఉల్లిగడ్డ, బిస్కెట్లు బంద్. పొడిపొడిగా ఉన్నదేదీ పెట్టొద్దు, రేణువు తగిలినా దగ్గు లేస్తుంది. మెడకు పట్టీ తీసేసి ఛాతీకి కట్టాలి. నాయన జూరాల డ్యాం వైపు పోయి చేపలు తెచ్చేవాడు. వాకిట్లో కూర్చుని, కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చుకుని, సన్న రాగితీగ పట్టుకునే పట్టకారుతో ఒక్కో ముల్లూ పీకేవాడు. నా చిన్నప్పుడు చేపకూర పెట్టి "ముల్లు సూస్కో" అని పేపరు చదువుకున్న మనిషి ఈయనే.

కొన్ని వారాలు గడిచాక మళ్లీ ఎరువుల దుకాణం. నాయన తగ్గాడు. కుక్క పెరిగింది.

"అయిపోయింది," అన్నాడు నాయన కాంటా మీదనే కూలబడి. "గాలి పీల్చి గూడ బలుస్తుంది నా బిడ్డ."

"గాలే అందుతలేదని గద నాయనా మన బాధ," అన్నాను. మెచ్చుకోలేదు.

మర్నాడు పొద్దున్నే పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని కుక్క వెనకాల నడిచాను. దానికంటూ ఒక దినచర్య ఉంది. మూలమీది చాయ్ హోటల్ ముందు నిలబడి ఒక్కసారి "క్వాంక్" అంది. బిస్కెట్లు పడ్డాయి. అక్కడినుంచి చాచీ గుమ్మం దగ్గర రెండుసార్లు దగ్గి, తల వాల్చి, కళ్లు సగం మూసింది. అంత నటన నేను పరీక్ష ముందురోజు కూడా చేయలేదు. చాచీ గిన్నె నిండా పాయ షోర్వా, అదే మేకకాళ్ల పులుసు, తెచ్చి ముందు పెట్టింది. పైన నూనె తేలుతోంది.

"చాచీ! ఏం పెడ్తున్నవ్?"

"దవా బేటా, దవా. ఎట్ల దగ్గుతుండు సూడు! కమ్జోరీ. మీ ఇంట్ల సొరకాయ పెడ్తున్నరంట గద. సొరకాయ తిన్నోడు ఎవడన్న తాకతుగ ఉంటడా?"

గల్లీ మొత్తానిదీ ఇదే వైద్యం. దగ్గుతోంది కాబట్టి బలం పట్టాలి, బలానికి కొవ్వు కావాలి, కొవ్వు పెరిగితే ఇంకా దగ్గుతుంది, కాబట్టి ఇంకా బలం పట్టాలి. ఒక్కరిలోనూ చెడ్డ మనసు లేదు. ఉండి ఉంటే కుక్క ఎప్పుడో బాగుపడేది.

అసలు మందులషాపు మా వంటింట్లోనే తేలింది. మా అవ్వది, అంటే నాయన తల్లిది, పుట్టిల్లు ఖిల్లా ఘణపూర్. పెనం మీదినుంచి దిగిన మొదటి జొన్నరొట్టె నోరులేని జీవానిది అని వాళ్లమ్మ చెప్పిందట. అవ్వ రోజూ అరచేతుల మధ్య తడుతూ మా ప్లేటు దాటే రొట్టె చేసి, వెన్న పూసి, నాయన నిద్ర లేవకముందే దానికి పెట్టేస్తోంది.

నాయన చేతులు జోడించాడు. "అమ్మా, నీ రొట్టె నా కుక్క గొంతు పిసుకుతుందే!"

అవ్వ పెనం బోర్లించింది. "నా సేతి రొట్టె ఇసమా? సరే. దానికి పెట్టంది మీకు గూడ పెట్ట." ఆరోజు ఇంట్లో రొట్టె లేదు. తర్వాతి రోజూ లేదు. నాయన ఒక మూల, అవ్వ ఇంకో మూల. అమ్మ అన్నం వండింది. మధ్యలో కుక్క, ఇద్దరి దగ్గరికీ పోయి సమానంగా దగ్గుతోంది.

చివరికి నేనే అవ్వ పక్కన కూర్చున్నాను. "అవ్వా, మొదటి రొట్టె పెట్టమన్నది మీ అమ్మ. ఎంత రొట్టె అన్నది?"

"అంటే?"

"పెద్దదా, చిన్నదా? కొలత సెప్పిందా?"

అవ్వ చాలాసేపు ఖిల్లా ఘణపూర్ దాకా వెళ్లొచ్చినట్టు చూసింది. "కొలతైతే సెప్పలే."

మర్నాడు పొద్దున పెనం మధ్యలో, సముద్రంలో దీవిలా, రూపాయి బిళ్లంత రొట్టె కాలింది. రెండు వేళ్లతో తట్టిందట. దాన్ని చేప ఉడికిన నీళ్లలో మెత్తగా నానబెట్టి, కుక్క ముందు పెట్టి, నాయన వైపు చూసింది. నాయన గిన్నెను కుక్కకు ఇంకొంచెం దగ్గరికి జరిపాడు. మొదటి రొట్టె మొదటి రొట్టే.

గల్లీ వాళ్లను పెట్టొద్దంటే ఆగరని అప్పటికే అర్థమైంది. కాబట్టి నాయన వండిన చేప, గుమ్మడికాయనే చిన్న డబ్బాల్లో పెట్టి పొద్దున్నే ఇంటింటికీ పంచే పని ఆయనకే అప్పజెప్పాను. ఎవరి గుమ్మంలో దగ్గినా అదే దొరుకుతుంది. "గిట్ల సప్పిడి తిండి శత్రువుకు గూడ పెట్టొద్దు," అని చాచీ కళ్లు తుడుచుకుంటూనే పెట్టింది. చాయ్ హోటలాయన ప్లేటులో వడ్డించి, పక్కన స్పూను కూడా పెట్టాడు. కుక్క ఆ స్పూను వైపు, తర్వాత నా వైపు చూసింది.

ఇకపోతే పెద్ద రొట్టె. అవ్వ తడిపిన పిండి తడిపినంతే. "దాని వాటా పారేస్తమానే?" అని వెన్న పూసిన రొట్టె నా ప్లేటులో వేసేది. చాచీ షోర్వా కూడా గోడ మీదినుంచి మా ఇంటికే వచ్చేది. ఒక జీవాన్ని కాపాడుతున్నానన్న బాధ్యతతో అన్నీ తిన్నాను.

రోహిణి ఎండలు వచ్చాయి. ఒక మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. గోడలకు కూడా చెమట పట్టేలా ఉంది. కుక్క తడి గోనెసంచి మీద నోరు తెరుచుకుని పడుకుంది. నాయన దుకాణం మూసేసి వచ్చి, దాని పక్కనే నేలమీద కూర్చుని డొక్కల వైపే చూస్తున్నాడు. డొక్కలు లేచి దిగుతున్నాయి. నాలుక ఎర్రగానే ఉంది. నేను పుస్తకంతో దానికి విసురుతున్నాను.

సరిగ్గా అప్పుడు చాచీ పిల్లి గోడ దిగి, వాకిట్లోంచి తీరిగ్గా నడిచింది.

కుక్క లేచింది. నాయన "వద్దురా!" అనేలోపు గల్లీలో ఉంది. బొచ్చు కింద అసలు కుక్క ఎంతుందో ఆరోజు ఉరుకుతుంటే మొదటిసారి కనిపించింది. గల్లీ చివర ఆగి, తల ఎత్తి అరిచింది. "భౌ!"

మిగతా సగం కోసం గల్లీ అంతా చెవులు రిక్కించి నిలబడింది. చాయ్ హోటలాయన గరిటె గాల్లోనే ఆపాడు.

"భౌ! భౌ!"

దగ్గు పూర్తిగా పోదని డాక్టరు ముందే చెప్పాడు, ఇప్పటికీ అప్పుడప్పుడూ బాతు వచ్చి పలకరించి పోతుంది. ఆరోజు మాత్రం రాలేదు. నాయన సంబరంలో గోడ మీదికి ఎక్కిన పిల్లిని చూసి "షాబాష్ బిడ్డా" అన్నాడు. చాచీ నెత్తిమీద కొంగు సర్దుకుని దువా చేసింది. "ఆ షోర్వా ఊకెనే పోయిందా మరి?" అంది.

కుక్కను ఎండలోంచి తీసుకురావడానికి గల్లీ చివరిదాకా ఉరికింది నేను. ఎత్తుకుని తిరిగొచ్చి గడప మీద కూలబడ్డాను. మాట్లాడదామని నోరు తెరిస్తే మాట రాలేదు. చిన్న బాతు ఒకటి బయటికొచ్చింది.

కుక్క చెవులు నిక్కించింది. అవ్వ పరేషాన్‌గా నా దవడ పట్టుకుని చూసింది.

"ఏమైందే పోరీ, గట్ల ఎగపోస్తున్నవ్? సదివి సదివి కమ్జోరైనవ్ గద," అని గోడ వైపు తిరిగి కేకేసింది. "ఓ చాచీ! పాయ ఉన్నదా ఇంత?"