చప్పటి దుంపలు

గడియారాలు బాగుచేసే ఆయన కొట్టు మూసి ఇంటికి రాగానే, కంటికి భూతద్దం బిగించుకుని, వంటింటి కిటికీ దగ్గరి మనీప్లాంట్ ఆకుల్ని ఒక్కొక్కటే తుడుస్తాడు. భార్య పోయాక ఆ పని ఆయన మీద పడింది. ఆవిడ చేసినట్టే గుడ్డు పెంకులు ఎండబెట్టి నలిపి మట్టిలో కలుపుతాడు, బంగాళాదుంపలు ఉడికిన నీళ్ళు చల్లార్చి పోస్తాడు. అయినా రెండు నెలలు తిరక్కుండానే ఆకుల అంచులు మాడిపోయాయి. చూడవచ్చిన మరదలు గిన్నెలో చల్లారుతున్న దుంపల నీళ్ళలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది.

"అయ్యో బావగారూ, ఇందులో ఉప్పేశారేంటి?"

"దుంపలకు ఉప్పు పట్టొద్దూ?"

"మొక్కకు పడదనే కదా, అక్క ఉప్పు లేకుండా ఉడికించేది!"

ఆయన గిన్నె తీసుకుని ఆ నీళ్ళు పారబోశాడు. ముప్పయ్యేళ్ళు ఆ చప్పటి దుంపల మీదే విసుక్కున్నాడు. "మా ఆవిడకు ఉప్పు దగ్గర కూడా పొదుపే" అని చుట్టాల ముందు నవ్వించాడు కూడా. ఆవిడ ఉప్పు డబ్బా ఆయన ముందుకు జరిపేది. ఉప్పెందుకు వెయ్యవని ఆయన ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు దుంపలు ఉప్పు లేకుండానే ఉడికిస్తున్నాడు. మొక్కకు ఒక కొత్త ఆకు విచ్చుకుంది. ఉప్పు డబ్బా బల్ల మీద ఆవిడ కూర్చునే వైపే ఉంటుంది. చెయ్యి చాపితే అందుతుంది. ఆయన చాపడు.