‘ఇడిసి పోతిని’కి ఇంగ్లీషు మాట

మామిడి కాలంలో తిరుపతి నుంచి చిత్తూరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, ఊరు రాకముందే దాని వాసన వస్తుంది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరిన ట్రాక్టర్లలో తోతాపురి కాయలు ఎండకు మగ్గి, కొన్ని పులిసి, తీపీ పులుపూ కలిసిన వాసన. మొన్న ఒక వాయిదాకు వెళ్తుంటే అది ముక్కుకు తగలగానే మా సుగుణ మేడం గుర్తొచ్చారు. లా చదువు ముగించి నేను జూనియర్‌గా చేరింది ఆమె దగ్గరే. కోర్టు వెనక సందులో ఆమె ఆఫీసు గదినిండా వేసవంతా ఇదే వాసన ఉండేది. ఆమె ఇప్పుడు లేరు. నగరిలో మగ్గాల ఇంట పుట్టిన మనిషి. తెలుగు, తమిళం గడగడా మాట్లాడేవారు, ఇంగ్లీషు మాత్రం కూరగాయలు ఏరుకున్నట్టు ఒక్కో మాటా చూసి తీసుకునేవారు. అది చేతకాక అనుకున్నాను మొదట్లో. చేతకాక కాదు, జాగ్రత్త వల్ల అని తెలియడానికి కొంత కాలం పట్టింది.

చేరిన కొత్తలో మా పిన్ని కూతురి పెళ్ళికని సెలవు అడిగాను. “మేడం, రేపు లీవ్ కావాలి.”

ఆమె ఫైల్లోంచి తల ఎత్తలేదు. “లీవ్ అంటే ఏంది పాపా?”

“సెలవు మేడం.”

“ఇంకా?”

వదలడం అన్నాను. బయల్దేరడం అన్నాను. అంతటితో నా సరుకు అయిపోయింది. ఆమె అప్పుడు తల ఎత్తి, “తినింది పోను ఆకులో ఉండేదాన్ని ఏమంటారు? లెఫ్ట్. తినేసి లేచిపోయినోణ్ణి ఏమంటారు? వాడూ లెఫ్టే. పోయేదానికీ మిగిలేదానికీ ఒకే మాట పెట్టుకున్నారు సూడు. బిడ్డల్ని ఇడిసి సచ్చిపోయినా అదే, గొడుగు బస్సులో మర్సిపోయినా అదే” అన్నారు. తర్వాత, “పెళ్ళికి పోయిరా. వచ్చేటప్పుడు ఆ మాటకు ఇంకో నాలుగు అర్థాలు తీసుకోనిరా” అన్నారు. పెళ్ళిలో అందరూ ఫొటోలు దిగుతుంటే నేను ఒక మూల కూర్చుని ఫోన్లో నిఘంటువు చూసుకున్నాను. మా అమ్మకు ఒళ్ళు మండింది. నాకూ మండింది, మేడం మీద.

తిరిగొచ్చి దాని పర్యాయపదాలన్నీ అప్పజెప్పాను. డిపార్ట్, క్విట్, డెజర్ట్, అబాండన్, ఎంట్రస్ట్. అన్నీ ఒకటే అర్థమనుకుంటూ చదివాను. ఆమె ఓపిగ్గా విని, “ఒకటే అర్థమైతే ఇన్ని మాటలెందుకుంటాయి పాపా? ఒకటి పెట్టుకోని మిగతావి ఎప్పుడో పారేసుండరా?” అన్నారు. ఈవిడ లాయరవ్వాల్సింది కాదు, టీచరవ్వాల్సింది అని మనసులో విసుక్కున్నాను.

రెడ్డెమ్మ కేసు వచ్చేదాకా నాకు ఆ విసుగు పోలేదు. రెడ్డెమ్మది చిత్తూరుకు దగ్గర పల్లె. మొగుడు తాగి కొట్టేవాడు. ఇక ఓర్చుకోలేక నాయుడుపేట దగ్గర ఒక కంపెనీలో పనికి చేరింది. అక్కడ ఆడపిల్లలందరూ హాస్టల్లో ఉండాలి, చిన్నబిడ్డను రానివ్వరు. అందుకని కూతురు జ్యోతిని అత్త దగ్గర ఉంచి వెళ్ళింది. తర్వాత సొంతంగా గది చూసుకుని బిడ్డ కోసం వస్తే, అత్తా మొగుడూ పంపలేదు. బిడ్డను ఇప్పించమని ఆమె కోర్టుకెక్కింది. తల్లే బిడ్డను వదిలేసి పోయిందని వాళ్ళ జవాబు. ఆ ఒక్క మాట నిజమని తేలితే బిడ్డ ఆమెకు దక్కదు.

అవతలి వకీలు చిత్తూరులో పండిపోయిన పెద్దమనిషి. బోనులో నిలబడ్డ రెడ్డెమ్మను ఆయన ఎక్కువ ప్రశ్నలు అడగలేదు.

“బిడ్డను మీ అత్త కాడ ఇడిసిపెట్టి పోయినావా, లేదా?”

“పోతిని సార్.”

“ఇడిసిపెట్టే పోతివి గదా?”

“అవును సార్, ఇడిసి పోతిని.”

ఆయన జడ్జిగారి వైపు తిరిగి ఇంగ్లీషులో, బిడ్డను అబాండన్ చేసినట్టు సాక్షి ఒప్పుకుంది అన్నారు. మా జడ్జిగారు కృష్ణా వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినవారు. వాళ్ళ వైపు బిడ్డను విడిచిపెట్టడమంటే ఇక అక్కర్లేదని వదిలేసి పోవడమే. సాక్షి చెప్పినదాన్ని ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే టైపు చేస్తారు. ఆ మాటే టైపయింది. తన బిడ్డ ఒక్క మాటతో చెయ్యి జారిపోయిందని రెడ్డెమ్మకు తెలియనే లేదు. అడిగినదానికి నిజం చెప్పానన్న ధీమాతో నిలబడి ఉంది. లేచి అభ్యంతరం చెప్పమని మేడం చీర కొంగు లాగినంత పని చేశాను. ఆమె కదల్లేదు. తన వంతు వచ్చినప్పుడు మాత్రం నిదానంగా లేచారు.

“నాయుడుపేటకు పోకముందు యాడ పని చేస్తా ఉంటివమ్మా?”

“మామిడికాయల ఫ్యాక్టరీలో మేడం.”

“అప్పుడు పగలు బిడ్డ యాడుండేది?”

“అంగనవాడీలో ఇడిసి పోతా ఉంటిని.”

“ఇడిసినాక?”

“సాయంత్రం పిలుసుకోని వస్తా ఉంటిని.”

“మీ అత్త కాడ ఇడిసినాక?”

“ఆదివారం ఆదివారం వస్తా ఉంటిని మేడం. రూము దొరికినాక పిలుసుకోని పోదామని వస్తే బిడ్డను పంపీలేదు. వాకిట్లోనే నిలబెట్టి పంపేసిరి.”

జడ్జిగారు టైపిస్టును ఆగమన్నారు. ఈ ప్రాంతంలో ఆ మాటకు అర్థమేమిటని అడిగారు. మేడం అవతలి వకీలు వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, “అన్నా, ఈ పొద్దు మీ మనవణ్ణి బడికాడ ఎవురు ఇడిసినారు?” అన్నారు. కోర్టు హాల్లో నవ్వులు వినిపించాయి. ఆయనా నవ్వేశారు, పాపం, ఇంకేం చేస్తారు. రెడ్డెమ్మ అన్న మాట తెలుగులో అలాగే ఉంచి, దాని పక్కన ఆమె ఇచ్చిన వివరమంతా రాయించారు జడ్జిగారు.

తీర్పు రెడ్డెమ్మకే వచ్చింది. ఆ రోజు జ్యోతిని వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. కాగితాల మీద సంతకాలకు మళ్ళీ కోర్టుకు వెళ్ళాల్సి వచ్చి, “బిడ్డను మీ కాడ ఇడిసి పోతాను మేడం, ఇప్పుడే వస్తా” అంది. అంతవరకూ బల్ల మీది పెన్నులతో ఆడుకుంటున్న పిల్ల ఆ మాట వినగానే బిగుసుకుపోయింది. “మీ అమ్మ నిన్ను ఇడిసి పోయింది” అని నాయనమ్మ ఇంట్లో రోజూ విన్న పిల్ల అది. ఏడవలేదు. తల్లి చీర కుచ్చిళ్ళు మాత్రం గట్టిగా పట్టుకుంది. రెడ్డెమ్మ ముఖం పాలిపోయింది. కోర్టులో గెలిచిన మాట ఇంట్లో ఓడిపోయి ఉందని నాకప్పుడు తెలిసింది.

అమ్మ వచ్చేస్తుందిలే అని నేను బుజ్జగించబోతే మేడం చేత్తో వారించారు. తన కుర్చీని గుమ్మం వైపు తిప్పి, పిల్లను అందులో కూర్చోబెట్టి, తాను పక్కన స్టూలు మీద కూర్చున్నారు. క్లయింట్లు వస్తే బయటే ఉండమన్నారు. ఇద్దరూ వీధిలోకి చూస్తూ ఉండిపోయారు. రెడ్డెమ్మ పరుగులాంటి నడకతో గుమ్మంలోకి వచ్చాక మేడం లేచి, “సూడు జ్యోతీ, ఇడిసినాక ఏం చేసిందో” అన్నారు. పిల్ల అప్పుడు ఏడ్చింది. ఎంతసేపు ఏడ్చిందో. మేడం కళ్ళజోడు తుడుచుకుంటూ నన్ను కసిరారు, “ఏం సూస్తావు, నీళ్ళు తీసుకోనిరా పో.”

ఇప్పుడు తిరుపతిలో నాకూ ఒక ఆఫీసు ఉంది. నా ముందు ఎవరైనా ‘ఇడిసి పోతిని’ అంటే కలం పక్కన పెట్టి, “ఇడిసినాక?” అని అడుగుతాను. చాలామంది దగ్గర జవాబు ఉంటుంది. ఫలానా బస్సుకు వచ్చానని, వాకిట్లో నిలబడ్డానని చెబుతారు. కొందరు మాత్రం నేల చూపులు చూస్తారు. వాళ్ళకు కాసేపు సమయమిస్తాను. అప్పటికీ ఏమీ చెప్పకపోతే, రెడ్డెమ్మ కేసులో అవతలి వకీలు వాడిన ‘అబాండన్’ అన్న ఆ కఠినమైన ఇంగ్లీషు మాటనే ఫైల్లో రాస్తాను. రాయడానికి చెయ్యి రాదు. అయినా రాస్తాను. గుమ్మం వైపు తిప్పిన కుర్చీలో వాళ్ళ కోసం ఎదురుచూస్తూ ఎవరో ఒక పిల్ల కూర్చునే ఉంటుంది కదా.