ఏడో గవాచి

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూస్తే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. మాది వేముల దగ్గర పల్లె. చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లు. నేను తెంపి పారేసి తన్నులు తినేదాన్ని. ఇప్పుడు జమ్మలమడుగులో హైస్కూలు పిల్లలకు సైన్సు చెబుతున్నాను. క్లాసులో ఎవరైనా దయ్యం అన్నారంటే, చూసిందెవరు, ఎంత దూరం నుంచి, అప్పుడు వెలుతురు ఎంతుంది అని అడిగి ఏడిపిస్తాను. అలాంటిదాన్ని ఇది రాయాల్సి రావడం సిగ్గుగానే ఉంది.

ఇందులో నా తప్పు ఒకటుంది. చాలా ఏళ్లు దాన్ని ఎవరికీ చెప్పలేదు. అందుకని ముందు అదే చెబుతాను.

డీఎస్సీ కోచింగ్ కోసం ప్రొద్దుటూరులో ఒకటిన్నర సంవత్సరం హాస్టల్లో ఉన్నాను. హాస్టల్ అని కట్టింది కాదది. బంగారు అంగళ్ల వెనక సందులో పాతకాలం షావుకారు ఇల్లు. వీధి వైపు అరుగులు, చిలకలు చెక్కిన టేకు తలుపు, లోపల చేతులు తగిలి తగిలి నున్నబడిన కొయ్య స్తంభాలు. పైన మట్టి మిద్దె.

మట్టి మిద్దె తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. దూలాల మీద కొయ్యలు పరిచి, ఆ పైన సవుడు మట్టి పోసి తొక్కిస్తారు. ఏటా వానలకు ముందు కొత్త సవుడు పోస్తుంటే తరాలు నిలుస్తుంది. రెండేళ్లు మానేస్తే కారడం మొదలవుతుంది. వెలుతురు కోసం ఆ కప్పులోనే మూరెడు చదరం బొక్క వదిలిపెడతారు. దాన్ని గవాచి అంటాం. వాన వస్తే ఎవరో ఒకరు మిద్దె ఎక్కి, పక్కనే ఉన్న నాపబండను దాని మీదికి జరిపి మూయాలి.

ఆ ఇంటికి ఏడు గవాచులు. ఆరు మేముండే పెద్ద మిద్దెకు. ఏడోది పెరట్లో విడిగా ఉన్న వెనక గదికి. దాని మెట్లు కూడా వేరే.

ఆ వెనక గదిలో నాగరత్నమ్మ అవ్వ ఉండేది. ఆ ఇంట్లోనే పుట్టిన మనిషి. పెళ్లయిన రెండో ఏడే భర్త పోతే తిరిగొచ్చి అక్కడే ఉండిపోయింది. ఇల్లు ఆమె అన్న కొడుకు రమేశన్నది. ఆయన వేరే వీధిలో కొత్త ఇల్లు కట్టుకుని, దీన్ని కొట్టేసి అంగళ్లు వేద్దామనుకుంటే, ఆడపిల్లల హాస్టల్ పెడతానని అవ్వే పట్టుబట్టి ఆపిందట. ఒకసారి మాతో అంది: "మనుషులు మసలకపోతే మిద్దె నిలబడదు పాపా. మీరేమో ఈ ఇంట్లో ఉంటాండామనుకుంటాండారు. ఇల్లే మిమ్మల్ని పట్టుకోని నిలబడిండాది."

అవ్వ నోరు పెద్దది. అన్నం పెడుతూ తిట్టేది, తిడుతూనే ఇంకో ముద్ద పెట్టేది. నన్ను పేరు పెట్టి పిలిచిందే లేదు, "వేముల పాప" అనేది. కొంచెం ఒడ్డూ పొడుగూ ఉన్నదాన్నని గవాచి మూయడం నాకు నేర్పింది. ఊరికే బండ జరిపితే చాలదు. వాన ఏ పక్క నుంచి వస్తోందో చూసుకుని, ఆ పక్క అంచు కింద గోనెపట్ట నాలుగు మడతలు పెట్టాలి. లేకపోతే జల్లు లోపలికి కొడుతుంది. మిగతా పిల్లలకు ఇది తెలియదు, వాళ్లెప్పుడూ మిద్దె ఎక్కలేదు.

ఆ రోజు ఆదివారం. పిల్లలంతా ఊళ్లకు పోయారు. ముందురోజు రాత్రి తెల్లారేదాకా చదవడంతో నా కళ్లు మండుతున్నాయి. మధ్యాహ్నం అన్నం పెట్టి అవ్వ అంది: "మబ్బు పడతాంది పాపా. వానొస్తే నువ్వే పోయి మూసిరా. నాకు మోకాళ్లు శానా నొస్తాండాయి."

సరే అవ్వా అన్నాను. పోయి పడుకున్నాను.

వాన చప్పుడుకు మెలకువ వచ్చింది. ఉలిక్కిపడి పైకి చూశాను. నా మంచం పైన గవాచి మూసి ఉంది. ఒక్క చుక్క లోపల పడలేదు. ఎవరో మూశారులే అనుకుని పక్కకు తిరిగి మళ్లీ నిద్రపోయాను. ఇంట్లో అవ్వ తప్ప ఎవరున్నారని ఆ క్షణంలో అనుకోలేదు. అనుకోవాలనిపించలేదు కూడా.

సాయంత్రం వంటకు వచ్చిన లక్ష్మక్క కేకకు లేచాను. అవ్వ పెరట్లో, పెద్ద మిద్దె మెట్ల కింద, తడి బట్టలతో పడి ఉంది. ఆరు గవాచులూ మూసి దిగుతూ జారింది. ఏడోదాని దాకా పోలేకపోయింది. వెనక గదిలో ఆమె పరుపు ముద్దగా తడిసిపోయి ఉంది.

తుంటి ఎముక విరిగింది. కడపలో ఆసుపత్రిలో మూడు రోజులుండి చనిపోయింది. నేను చూడడానికి వెళ్లలేదు. పరీక్ష దగ్గరపడిందని అందరికీ చెప్పాను. నిజం అది కాదు. ఆమె ముఖం చూసే ధైర్యం లేక వెళ్లలేదు.

చావుకు వచ్చినవాళ్లు ఒకటే మాట. ఆ వయసులో మిద్దె ఎక్కడమేంది, మొండి మనిషి, ఎవరి మాటా వినదు అని. నేను అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడి విన్నాను. ఆమె నాకు చెప్పింది, నేను నిద్రపోయాను అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

ఇక అసలు సంగతి.

అవ్వ పోయిన నెలకో ఏమో, ఒక పొద్దున అందరికన్నా ఆఖరున నేనే బయలుదేరాను. నా గవాచి కింద వెలుతురులో నిలబడి జడ వేసుకున్నాను, అందుకే అది తెరిచి ఉందని బాగా గుర్తుంది. వీధి తలుపుకు తాళం వేసి చెవి సంచిలో పెట్టుకున్నాను. లక్ష్మక్క సాయంత్రం దాకా రాదు. పదకొండున్నరకు కోచింగ్‌లో ఉండగా వాన పట్టుకుంది. పుస్తకాలన్నీ మంచం మీదే ఉన్నాయి. ఆటో ఎక్కి పరిగెత్తుకొచ్చి తాళం తీశాను.

ఇల్లంతా చీకటిగా, పొడిగా ఉంది.

మిద్దె ఎక్కి చూశాను. ఆరూ మూసి ఉన్నాయి. వాన పడమటి నుంచి కొడుతోంది, ఆరింటికీ గోనెపట్ట పడమటి అంచు కిందే ఉంది, నాలుగు మడతలతో. ఒక బండ కాస్త జరిపి చూస్తే కింద మట్టి పొడిగా ఉంది. తొలి చినుకు పడకముందే మూశారన్నమాట. పక్క మిద్దెల మీది నుంచి ఎవరైనా వచ్చారేమో అని కూడా చూశాను. అటూ ఇటూ మూడంతస్తుల కాంక్రీటు గోడలు, దిగే దారి లేదు.

తర్వాత పెరట్లోకి దిగి వెనక గది మిద్దె ఎక్కాను. ఏడోది తెరిచి ఉంది. లోపల పరుపు తీసేసిన ఉత్త మంచం మీద వాన పడుతోంది. బండ జరిపాను. నాకు వేసింది భయం కాదు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఆ వానాకాలంలోనే ఇంకోసారి జరిగింది. ఈసారి మధ్యాహ్నం పన్నెండుమందిమి కూర్చుని అన్నం తింటున్నాం. ఎవరూ లేవలేదు. పైన బండ ఈడ్చిన చప్పుడు వినబడింది. ఒకటి, రెండు, అట్లా ఆరు. ఏడో చప్పుడు కోసం నేను చెయ్యి కడుక్కోకుండా చూస్తూ కూర్చున్నాను. రాలేదు. లేచిపోయి దాన్ని నేను మూసి వచ్చాను. వారం తిరక్కుండా సగంమంది పెట్టెలు సర్దుకుని వేరే హాస్టల్‌కు పోయారు. నేను పరీక్ష అయ్యేదాకా అక్కడే ఉన్నాను. వాన వచ్చినప్పుడు ఏడోదాన్ని ఎవరు మూస్తారని.

ఉద్యోగం వచ్చి జమ్మలమడుగుకు వచ్చేశాను. హాస్టల్ కొన్నాళ్లకు మూతపడింది. పోయినేడు లక్ష్మక్క ఫోన్ చేసి, ఇల్లు పడగొడతాండారు, చూసిపో అంది. ఆదివారం వెళ్లాను.

రమేశన్న ఒక్కడే ఉన్నాడు. స్తంభాల మీద సుద్దతో నంబర్లు వేసి ఉన్నాయి, కొయ్య కొనేవాళ్ల కోసం. రెండేళ్ల కిందట పాత కట్టడాల గురించి తెలిసిన ఒకాయన వచ్చి కొలతలు తీసుకుని పోయాడట. ఆయన రాసిచ్చిన కాగితం రమేశన్న చూపించాడు. చెక్కిన తలుపు అపురూపం, స్తంభాలు అపురూపం, మట్టి కప్పు శిథిలం, విలువ లేదు అని ఉంది. నాకు చెడ్డ కోపం వచ్చింది. ఆ మనిషి మీద ఎందుకు కోపం, ఆయనకు కనబడింది రాశాడు. ఆ కప్పు కోసం ఒక మనిషి పోయిందని ఆయనకెవరు చెప్పారు? తెలిసిన నేనే నోరు విప్పలేదు.

అప్పుడు చెప్పేశాను. అవ్వ నన్ను మూయమన్నదీ, నేను నిద్రపోయిందీ, మధ్యలో లేచి మళ్లీ పడుకున్నదీ అంతా.

రమేశన్న కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు: "మాకు తెల్సు పాపా. అత్త ఆసుపత్రిలోనే చెప్పింది. వేముల పాప రాత్రంతా చదివి నిద్దరపోతాండె, పాపం నేనే లేపలేదు, ఆ పిల్లను ఎవరూ ఏమీ అనగాకండి అని."

నేను తల ఎత్తలేదు.

"మూడు దినాలూ అడుగుతానే ఉండె, ఆ పాప వచ్చిందా అని. పరీక్షలు గదా అత్తా, వస్తాదిలే అని చెప్తాంటిమి."

ఆ మాట విన్నాక నాకు ఏం చేయాలో తెలియలేదు. క్షమించిందని సంతోషించాలో, నా కోసం చూసి చూసి పోయిందని ఏడవాలో. 

ఇంతలో ఉరిమింది. గవాచుల్లోంచి నేల మీద పడుతున్న వెలుతురు మసకబారింది. నేను లేచాను. "యాడికి పాపా, ఎట్లా పడగొట్టే మిద్దెనే గదా" అన్నాడు రమేశన్న. వినలేదు. ఎప్పుడూ చివర పోయే వెనక గదికి ఆ రోజు ముందు పోయాను. మెట్లు పెచ్చులూడి ఉన్నాయి, మిద్దె మీద గడ్డి మొలిచింది. గోనెపట్ట ఎక్కడిది, నా చేతిసంచి ఖాళీ చేసి నాలుగు మడతలు పెట్టాను, వాన వచ్చే పక్క చూసుకుని. బండ జరిపేసరికి చినుకులు మొదలయ్యాయి.

దిగి పెద్ద ఇంట్లోకి వస్తే చీకటి. రమేశన్న స్తంభం పట్టుకుని పైకి చూస్తున్నాడు.

"నువ్వేనా పాపా మూసింది?" అన్నాడు.

"నేను వెనక గదిది ఒకటే మూసినానన్నా."

వాన ఆగాక ఇద్దరం ఎక్కి చూశాం. ఆరు బండలూ గవాచుల మీదే ఉన్నాయి. తడిసిన సవుట్లో మా ఇద్దరి అడుగులు తప్ప ఇంకేవీ లేవు. రమేశన్న చెప్పులు విడిచి చేతిలో పట్టుకుని దిగాడు.

ఆ వారమే ఇల్లు పడగొట్టారు. ఆయన్ను ఏమీ అనలేను. సవుడు పోసి తొక్కేవాళ్లు ఇప్పుడు దొరకరు, ఉండేవాళ్లు అసలే లేరు. ఏడో బండ మాత్రం అడిగి తెచ్చుకున్నాను. మాది స్లాబు ఇల్లు, దానికి పనేమీ లేదు. బట్టలుతికే చోట వేశాను.

ఎవరు మూశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా లెక్క కుదరడం లేదు. దయ్యాలున్నాయని ఈ రోజు కూడా నేను నమ్మను, క్లాసులో పిల్లలకు అదే చెబుతాను. కానీ మబ్బు పడితే మాత్రం పగటిపూట నిద్రపోను.