ఆమె గాల్ల ఉన్నప్పుడు వచ్చిన ఫోను

మొన్న ఈడ సౌదిల, ధహ్రాన్ల జరిగినదానికి మా లేబర్ క్యాంపుల అందరు నన్నే అంటున్నరు. ముందుగాల మొత్తం ఇనుండ్రి, తర్వాత తప్పెవలదో మీరే జెప్పుండ్రి.

నాది ఏసీ పని గద. మేం పనిజేసే ఆఫీసర్ల ఇండ్ల కాంపౌండ్ల ఒక ఫిన్లాండ్ ఇంజినీరు సారు ఉంటడు. రోజుకు పది మాటలు మాట్లాడితె ఎక్కువ. ఆయన బిడ్డ స్కీయింగ్ జేస్తది. కాళ్లకు పొడుగు పలకలు కట్టుకొని, మంచు గుట్ట మీదికెల్లి జారుకుంట వచ్చి, గాల్ల గిర్రగిర్ర తిరిగి దిగుతది. పోయిన ఎండకాలం సారు హాల్ల ఫోటోలన్ని సూపెట్టిండు. పదిహేడేండ్లకు మొదటి వరల్డ్ కప్పు, అందరికంటె ఆఖరు. తర్వాత మోకాలికి రెండు ఆపరేషన్లు. మల్లొచ్చి రెండుసార్లు నాలుగో నంబరు. మెడల్ మూడో నంబరు దాకనే ఇస్తరట. ఇదెక్కడి న్యాయం? ఆ జడ్జీలు కండ్లు మూసుకొని మార్కులేస్తరా అని నాకే మండింది.

మొన్న పగటీలి ఆయన ఇంట్ల ఏసీ ఆగిందంటె నేను, నాతోని పనిజేసే మన నిర్మల్ దిక్కు రాజన్న పోయినం. ఫ్యాన్ మోటరు కాలింది. మా కంపెనీ రూలేందంటె, ఎవలన్న తెలువక కరెంటు ఇయ్యకుండ బ్రేకర్ బంద్ జేసి దానికి మన తాళం ఎయ్యాలె. ఎవని తాళం వాడే తియ్యాలె. ఏసిన. రాజన్న కొత్త మోటరు తెస్తనని బండి తీస్కపోయిండు.

అంతల సారు ఉరికొచ్చిండు. "టీవీ బంద్ అయింది. నా బిడ్డ ఫైనల్ల ఉంది. ఇంకొక్క దుంకుడే ఉంది" అన్నడు. బ్రేకర్ మీద ఏసీ అని రాసిండ్రు, హాలు కరెంటు గూడ దానికే కలిపిండ్రు. ఆ వైరింగు జేసినోన్ని ఎవలు అడగరు, నన్నంటరు. జేబుల చెయ్యి వెడితె తాళంచెవి లేదు. బండిల మరిచిన. బండి రాజన్నతోని ఉంది.

సారు ఫోను ఆఫీసుల ఉందట. "నా ఫోన్ల సూద్దాం సార్" అన్న. ఇద్దరం నేల మీద కూసున్నం. ఆమె జారుకుంట వచ్చింది, దుంకింది, గాల్లకు లేసింది. సరిగ్గ గప్పుడే ఇంటికెల్లి నా పెండ్లాం సుజాత వీడియో కాల్. సౌదికొచ్చి పదకొండేండ్లు. ఒక్క రింగుకు ఎత్తకపోతె ఆడ ఇంటిల్లిపాది ఆగమైతరు. అందుకని నా వేలు దానంతటదే పోతది. ఎత్తిన.

మంచు పోయింది, గుట్ట పోయింది, సుజాత వచ్చింది.

"ఏమయ్యా, తిన్నవా? పక్కకు ఆ తెల్లాయన ఎవలు?"

"మల్ల జేస్తనే, ఫోను వెట్టెయ్."

"గంత తొందరేంది? ఎవలింట్ల ఉన్నవ్?"

సారు ఫోన్ల మొకం వెట్టి, "కిందికి దిగిందా? నిలవడ్డదా?" అని మా సుజాతనే అడుగుతుండు ఇంగ్లీషుల.

"అయ్యో, ఆయనకేమైంది? నీళ్లు తాపు" అన్నదామె.

కాల్ కట్ జేసి సూస్తె, ఆమె కింద నిలవడి హెల్మెట్ తీస్తుంది. మూడో నంబరు. సారు అక్కడనే ఏడ్చిండు. నాకు గూడ కండ్లల్ల నీళ్లొచ్చినయి.

సాయంత్రం బిడ్డ ఫోన్ జేసి, "నాన్నా, నేను గాల్ల ఉన్నప్పుడు సూసినవా?" అని అడిగిందట. ఆయన అబద్ధం ఆడడు. "లేదు బిడ్డా, అప్పుడు ఏసీ టెక్నీషియన్ భార్యను సూస్తున్న" అన్నడట.

ఇప్పుడు జెప్పుండ్రి. వైరింగు నేను జెయ్యలే. బండి నేను తీస్కపోలే. ఫోను నేను జెయ్యలే. సరే, తాళంచెవి నాదే. వేలు గూడ నాదే.