నలభై ఏడో పేజీ

గంగన్న వారానికి ఆరు రోజులు ఒమన్‌లో ఉండేవాడు. శుక్రవారం మాత్రం ఫ్రాన్స్‌లో ఉండేవాడు. ఇందుకు వీసా, విమానం వంటి అల్పసాధనాలు ఆయనకు అవసరం పడలేదు. ఒక సైకిలు, ఒక పుస్తకం, పది మీటర్ల లెవెల్ పైపు, ఒక కోడిగుడ్డు చాలేవి.

సైకిలూ పుస్తకమూ గంగన్న కంపెనీలోనే పనిచేసిన ఒక ఫ్రెంచి ఇంజినీరువి. అందరూ ఆయన్ని ముసియే సాబ్ అనేవారు. రెండు వేల ఎనిమిది మొదట్లో ఆయన స్వదేశం పోతూ పోతూ, తన సైకిలుకు పంక్చర్లు వేసిపెట్టిన గంగన్నకు ఆ రెండూ ఇచ్చేశాడు. పుస్తకం నిండా ఫ్రాన్స్ పల్లెల్లో సైకిలు తొక్కే దారులే. పేజీకొక దారి. పైన ద్రాక్షతోటలు, ఆవులు, పొద్దుతిరుగుడు చేలు. కింద ఆ దారి ఎక్కడ ఎంత ఎక్కుతుందో ఎంత దిగుతుందో చూపించే వంకరగీత. ఫ్రెంచి అక్షరం గంగన్నకు ఒక్కటీ రాదు. కానీ పద్దెనిమిదేళ్లుగా డ్రాయింగు చూసి మేడలకు రాడ్లు వంచిన మనిషికి ఒక గీత ఏపాటిది?

"అచ్చరాలు ఎందుకురా? సెక్షన్ జూస్తె సమజ్ గాదా?" అనేవాడు.

అలా చూడగా చూడగా ఆయనకు ఒక మహాసత్యం బోధపడింది. మస్కట్ చుట్టూ కొండల్లో ఉన్న రోడ్లూ, పుస్తకంలో ఉన్న రోడ్లూ ఒక్కటే. "దేవుడు గూడ కాంట్రాక్టరే గదరా! ఒక్క డ్రాయింగు వెట్టుకొని రెండు సైట్లు నడిపిండు" అని తేల్చేశాడు. అప్పట్నించీ రోడ్లకు పేర్లు పోయి పేజీలు వచ్చాయి. ఫ్రాన్స్‌లో ఉన్నంతసేపూ మేకను ఆవు అనేవాడు, ముళ్లపొదను ద్రాక్షతోట అనేవాడు. సిమెంటు ఇటుకల కుప్ప కనబడితే చర్చి అని చెప్పులు విడిచేవాడు.

ఈ ఫ్రాన్స్‌కు ఆయన వెంట పోయే నిర్భాగ్యుడు గణపతి. జగిత్యాల పక్క పల్లెవాడు, షట్టరింగ్ కార్పెంటరు, మస్కట్‌లోని ఘాలా లేబరు క్యాంపులో గంగన్న పైమంచం. ఫ్రాన్స్‌లో అతని హోదా ఏమిటంటే, లెవెల్ పైపుకు రెండో కొస. సైట్‌లో గోడ మట్టం చూసే ఆ నీళ్ల పైపును పట్టుకుని గణపతి రోడ్డు గుంతలో కూర్చోవాలి. గట్టుమీద గంగన్న టేపుతో లోతు కొలిచి పుస్తకంతో సరిచూస్తాడు. ముసియే సాబ్ సైకిలుకు క్యారియర్ ఉండేది కాదు. ఎనిమిది ఎమ్మెమ్ రాడ్డు వంచి, బైండింగు వైరుతో గంగన్న కట్టిపెట్టాడు. దానిమీద కూర్చుని ఏ దేశం పోయినా ప్రయాణికుడికి గుర్తుండేది రాడ్డే.

కోడిగుడ్డు సంగతి ఇంకా విచిత్రం. పచ్చిగుడ్డు ఒకటి స్టీలు గ్లాసులో వేసి హ్యాండిలుకు కట్టేవాడు.

"ఇదెందుకన్నా?"

"ఫ్రాన్స్‌ల గట్లనే జేస్తరు."

"ముసియే సాబ్ చేసిండా?"

"ఆయన మరిసిపోయిండు. మనం మరువద్దు."

రోడ్డు మొత్తం తిరిగాక గుడ్డు క్షేమంగా ఉంటే ఎవరైనా సంతోషిస్తారు. గంగన్న మాత్రం గ్లాసులోకి చూసి, "ఇది గాదు" అని నిట్టూర్చి, రూముకొచ్చి ఆమ్లెట్టు వేసుకునేవాడు.

ఒకసారి పోలీసు బండి ఆగింది. గుంతలో ఒకడు, గట్టుమీద ఒకడు, మధ్యలో నీళ్ల పైపు, పక్కన గుడ్డు. "క్యా హై?" అన్నాడు పోలీసాయన. గంగన్న అటెన్షన్‌లో నిలబడి, "ఫ్రాన్స్, సార్" అన్నాడు. ఆయన గుడ్డు వంక చూసి, రెండు నీళ్ల సీసాలిచ్చి పోయాడు.

శుక్రవారం పొద్దున కూరగాయల పికప్‌లో సైకిలేసుకుని వీళ్లను కొండల అవతల అల్ అమెరాత్ ఊరి దాకా దించేది ముర్తుజా. కడపవాడు, నోరు ఊరుకోదు.

"ఏం గంగన్నా, ఈ వారం ఏ పేజీ?"

"నలభై ఏడు."

"పోయిన నెల్లోనూ అదే అంటివే! ఆ పేజీ పుట్టిందా, ఇంకా కడుపులోనే ఉందా?"

అదీ నిజమే. అంతకుముందు వెతికిన పేజీలన్నీ గంగన్నకు ఒకటి రెండు వారాల్లో దొరికిపోయాయి. నలభై ఏడు మాత్రం మూడు నెలలైనా దొరకలేదు. పోనీ చూద్దామంటే పుస్తకం ఎవర్నీ ముట్టనిచ్చేవాడు కాదు. "చేతులు కడుక్కో" అనేవాడు. కడుక్కొచ్చాక, "తుడుసుకో" అనేవాడు. తుడుచుకునేలోగా పెట్టెకు తాళం పడేది.

గణపతికి ఈ ఫ్రాన్స్ గోల కంటే పెద్ద బాధ ఇంకొకటి ఉంది. అతని అక్క కమలవ్వ ఆ అల్ అమెరాత్‌లోనే ఒక ఇంట్లో పనికి వచ్చి ఏడు నెలలైంది. ఇద్దరూ ఇంత దగ్గర ఉండీ మొఖాలు చూసుకోలేదు. ఇల్లెక్కడో తెలిస్తే కదా! కొత్త కాలనీ, ఇంటికి నంబరు లేదు. నెలకోసారి మేడం తన ఫోన్ ఇచ్చేది. మేడం మంచిదే. తానే ఫోన్ తీసుకుని "తఫద్దల్, తఫద్దల్" అని రమ్మనేది. ఆపైన దారంతా అరబ్బీలో చెప్పేది. ఒకసారి ముర్తుజాను మాట్లాడిస్తే, విని, తల పట్టుకున్నాడు. "వాళ్ల మామ ఇంటి ఎనకాలంట. ఆ మామ ఇల్లు యాడ అంటే, వీళ్లింటి ముందరంట!"

అక్క ప్రతిసారీ చెప్పే గుర్తులు అంతకంటే గొప్పవి. ఈసారి స్పీకరు పెడితే గదంతా విన్నారు.

"మేడం కారుకు నల్లద్దాలురా తమ్మీ. అన్నీ తెల్లగోడలే. దుకాణం కాడ ఎక్కితే మూడుసార్లు కడుపుల గుభేల్ మంటది. అటెన్క వక్క నమిలేంత సేపు ఎక్కుడే. ఎక్కుడు అయిపోంగనే ఇల్లు."

గది గదంతా పడీపడీ నవ్వింది. గంగన్న ఒక్కడే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"రాఖీ కొనివెట్టిన" అంది అక్క చివర్లో. "ఈ పున్నానికి గూడ నువ్వు రాకపోతే పెద్దమ్మతోడు, మేడం మేకకు కడ్త."

రాఖీ పున్నమికి ఒక్కరోజు ముందు శుక్రవారం వచ్చింది. గణపతికి లేవబుద్ధి కాలేదు. గంగన్న దుప్పటి లాగేశాడు. "లే, ఫ్రాన్స్‌ల తెల్లారింది."

ముర్తుజా ఈసారి వాళ్లను కొండ వెనకాల అంతవరకు వెతకని ఒక రోడ్డు దగ్గర దించాడు. మూలన ఒక దుకాణం, ముందు వాగు గుంతలు. గణపతి రాడ్డుమీద కూర్చున్నాడు. సైకిలు మొదటి గుంతలో దిగింది. "అవ్వో" అన్నాడు. రెండోదాంట్లో దిగింది. "అయ్యో" అన్నాడు. మూడోదాంట్లో గణపతి అనేలోపే గ్లాసు అంది, టప్‌మని.

గంగన్న సైకిలాపి గ్లాసులోకి తొంగిచూశాడు. సొన, పెంకులు. రెండు చేతులెత్తి గుడ్డుకు దండం పెట్టాడు. పైపు తీయలేదు, టేపు తీయలేదు. జేబులోంచి వక్క తీసి గణపతి నోట్లో వేశాడు.

"నములు. మాట్లాడకు."

దారి ఎక్కుడు పట్టింది. వక్క అయిపోవడమూ ఎక్కుడు అయిపోవడమూ ఒకటేసారి జరిగాయి. ఎదురుగా తెల్లగోడ, గేటు ముందు ఇసుక ఊడుస్తున్న ఆడమనిషి. ఆమె తలెత్తింది. చీపురు కిందపడింది.

"ఓరి నీ తల పండ! ఏడు నెలలకు వస్తివారా? మోకాళ్ల మీద నడిచినా ఏడు దినాలకు రావాలె గదరా!"

గణపతి రాడ్డుమీంచి దూకాడు. గంగన్న మధ్యలో దూరి గ్లాసు చూపించాడు. "చెల్లె, కోపం అటెన్క. ముంగట గిది జెప్పు. నీ గుడ్ల అట్ట పలిగింది ఏ గుంతల?"

"మూడోదాంట్ల! ఉగాదికి ముంగట ఫోన్‌ల జెప్పిన గద, ముప్పై గుడ్లు ఒళ్లె వడ్డయని! అన్నా, నీకెట్ల ఎరుక?"

గణపతి ఆ ఫోను మర్చేపోయాడు. ఇప్పుడు చేతులు కడగలేదు, తుడవలేదు, పుస్తకం లాక్కున్నాడు. చివరిదాకా తిప్పాడు. దారులు నలభై ఆరే! ఆ తర్వాతది ఖాళీ కాగితం. దానిమీద పెన్సిలు గీత. మూడు గుంతలు, మూడోదాంట్లో గుండ్రంగా ఒక గుడ్డు, ఆపైన ఎక్కుడు. కొసన చిన్న ఇల్లు బొమ్మ, కింద తెలుగులో "అక్క ఇల్లు".

"ముందే చెప్పొద్దాన్నా?"

"చెప్తె నువ్వు ప్రతి శుక్రవారం ఆశ పడ్తవు, ప్రతి శనివారం డ్యూటీల మొఖం ఏలాడేస్కుంటవు. ఫ్రాన్స్ అయితె దొరకకున్నా ఎవలికి నొప్పి?"

కమలవ్వ తమ్ముడికి రాఖీ కట్టి, మరో పసుపుదారం తెచ్చింది. "సైకిలుకు కట్టు చెల్లె, తొక్కుడువడ్డది అదే" అన్నాడు గంగన్న. ఆమె దారాన్ని రెండు ముక్కలు చేసి సైకిలుకూ గంగన్నకూ కట్టింది.

అప్పుడే పక్కింటి గోడమీంచి ఒక మొహం పైకి లేచింది. కమలవ్వ చెప్పింది, కడప మహబూబీ అని.

"అన్నా, మా తమ్ముడు ఖాదర్‌వలి రుస్తాఖ్ పక్క ఏదో తోటలో పని చేస్తాండాడు. యాడో తెలీదు."

గంగన్న పుస్తకంలో ఇంకో ఖాళీ కాగితం తిప్పాడు. పెన్సిలు నాలికకు అద్దాడు.

"ఆ తోటకు వొయ్యే రోడ్డు ఎట్లుంటదంటడు? ఎక్కుడు ముందా, దిగుడు ముందా?"

గణపతి ఆ మాట విని, ఎవరూ చెప్పకుండానే దుకాణానికి నడిచాడు. మూడో గుంత దగ్గర మళ్లీ ఆ పోలీసాయనే బండి ఆపాడు. "ఫ్రాన్స్?" అన్నాడు నవ్వుతూ.

గణపతి రాఖీ చెయ్యి కనబడేట్టు నిలబడి, ఛాతీ విరుచుకుని, "ఫ్రాన్స్, సార్!" అన్నాడు.

దుకాణంలో రెండు గుడ్లు తీసుకున్నాడు. రుస్తాఖ్ దూరం కదా, ఒకటి ఎక్కువే ఉండాలి.