బందరులో ఒక పాత బోటు ధర

మా తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటల కాపు కొనడం నా వ్యాపారం. పూత నిలిచి పిందె పడే రోజుల్లో రెడ్డిగూడెం నుంచి నెమలి ఊరి దాకా తోటలన్నీ తిరుగుతాను. చెట్ల కింద నిలబడి పైకి చూసి, ఈ తోటకు ఇంత అని చెబుతాను. రైతు ఒప్పుకుంటే ఆ ఏటి కాపు నాది. చాలా ఏళ్ళుగా ఇదే పని కావడంతో మా వాళ్ళలో ఎవరు పాత ట్రాక్టరు కొన్నా, గేదెను కొన్నా ముందు నాకే ఫోన్ చేస్తారు. కానీ కిందటి డిసెంబరు మొదట్లో మా చెల్లెలు రత్నకుమారి బందరు నుంచి ఫోన్ చేసి, చేపల బోటుకు ధర కట్టడానికి రమ్మన్నప్పుడు మాత్రం నాకు నవ్వొచ్చింది.

"ఒడ్డున నిలబడి కాళ్ళు తడుపుకోవడమే తప్ప నేను బోటెక్కిన మనిషిని కాదమ్మా," అన్నాను.

"బోటు సంగతి ఆయనకి తెలుసన్నయ్యా. ఆయన సంగతి చూడ్డానికి రమ్మంటున్నా," అంది.

ఆయన అంటే ఆమె భర్త ఏసుబాబు. బందరు పక్కన గిలకలదిండిలో పుట్టి పెరిగినవాడు, మీసం రానప్పటి నుంచీ సముద్రం మీద వేటకు వెళ్ళినవాడు. కిందటేడు వేరేవాళ్ళ బోటులో కూలికి కలాసీగా వెళ్ళి తిరిగొస్తుంటే మొగ దగ్గర బోటు తిరగబడింది. కాలువ సముద్రంలో కలిసే చోటును అక్కడ మొగ అంటారు. ఇసుక మేట వేసి ఉంటుంది కాబట్టి కెరటాలు అక్కడ లేచి విరిగిపడతాయి. బోటులోని నలుగురూ ఖాళీ డబ్బాలు పట్టుకుని తేలుతూ ఇంకో బోటువాళ్ళకు దొరికారు. ప్రాణాలు దక్కాయి గానీ ఆ రోజు నుంచి ఏసుబాబు నీళ్ళ మీదికి వెళ్ళలేదు. హార్బరులో ఐసు మోస్తున్నాడు. ఇద్దరూ కూడబెట్టిన డబ్బుతో సొంతంగా ఒక పాత బోటు కొందామనుకున్నారు. చూసిన ప్రతి బోటుకూ ఏదో వంక పెట్టి ఇంటికొచ్చేస్తున్నాడట.

"ఏ బోటు చూసినా పగుళ్ళే కనపడుతున్నాయంటున్నాడు. నిజంగా ఉన్నాయో, ఆయనకే కనపడుతున్నాయో నాకు తెలీడం లేదు. నువ్వు పక్కన నిలబడి చెప్పు," అంది రత్న.

ఆ గొంతు విన్నాక నవ్వు పోయింది. తోటలు ఇంకా పూతకు రాలేదు, నాకూ పెద్ద పని లేదు. మర్నాడే బయల్దేరాను.

తిరువూరులో ఉదయం ఆరున్నరకు విజయవాడ ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఎ.కొండూరు దాటేదాకా అద్దాల మీద మంచు. నా పక్క సీటులో మైలవరం వెళ్ళే ఆయన పాత ట్రాక్టర్లు కొని అమ్ముతాడట. బోటు సంగతి చెప్పగానే నా వైపు పూర్తిగా తిరిగి కూర్చున్నాడు.

"ఏదైనా ఇంజనే కదండీ. మీరెళ్ళేసరికి వేడిగా ఉందనుకోండి, ముందే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. చల్లగా ఉన్నప్పుడు చెయ్యేసి చూసి, మీ ఎదురుగా స్టార్ట్ చేయించండి," అన్నాడు. మైలవరంలో దిగి, కిటికీ దగ్గరికొచ్చి మళ్ళీ చెప్పాడు. "చల్లగా ఉన్నప్పుడేనండోయ్!"

తొమ్మిది దాటాక విజయవాడ చేరాను. బస్టాండులోనే ఇడ్లీ తిని, అక్కడే బందరు బస్సెక్కాను. ఈ దారిలో వెళ్ళేవాళ్ళు కిటికీ పక్కన కూర్చోండి. ఉయ్యూరు దగ్గర చెరుకు బళ్ళు, పామర్రు దాటాక కోతకొచ్చిన వరి, ఎటు చూసినా గుట్ట అన్నది లేని నేల. మెట్ట ప్రాంతం కళ్ళకు ఆ చదును వింతగానే ఉంటుంది. వెనక సీటులో ఖాళీ తట్టలతో ఒకామె, చేపలమ్ముకుని ఇంటికెళ్తోంది. నా ఫోన్ మాటలు విని ముందుకు వంగింది.

"బోటు కొంటానికా బాబూ? అమ్మేవాడు ఎందుకమ్ముతున్నాడో అడగండి. కొనేవాడు ఎందుకు కొంటున్నాడో కూడా అడగండి," అంది.

బందరులో దిగేసరికి పన్నెండు కావస్తోంది. ఊళ్ళో ఉండదలచినవాళ్ళకు బస్టాండు దగ్గర లాడ్జీలున్నాయి. షేర్ ఆటోలో వెళితే గిలకలదిండి ఎంతో దూరం కాదు. రత్న మాగ చేపల పులుసు పెట్టింది. ఏసుబాబు బాగా సన్నబడ్డాడు. "రండి బావగారూ," అని నవ్వాడు గానీ, అన్నం తింటున్నంతసేపూ తల ఎత్తలేదు.

మధ్యాహ్నం ఎండ తగ్గాక కాలువ గట్టుకు వెళ్ళాం. అక్కడి బోట్లు చూస్తూ నేను వెనకబడిపోయాను. కాలువ పొడవునా, ఒకదానికొకటి రాసుకుంటూ, నీలం, పచ్చ, ఎరుపు ముక్కులన్నీ గట్టుకేసి తిప్పి నిలబడి ఉన్నాయి. దగ్గరికెళితే ఒక్కోటి మా ఊరి లారీ అంత పొడవుంది. ఇంత వస్తువును నలుగురు మనుషులు సముద్రం మీదికి తీసుకెళ్ళి, మళ్ళీ ఇంత సన్నటి కాలువలోకి తీసుకొస్తారా అనిపించింది.

అమ్మకానికున్న మొదటి బోటుకు కొత్త రంగు మెరిసిపోతోంది. ఏసుబాబు వంగి, వేళ్ళ కణుపులతో ఫైబరు మీద కొట్టుకుంటూ వెళ్ళాడు. టక్ టక్ మంటున్న చప్పుడు ఒకచోట డొల్లగా మారింది.

"ఇక్కడ పొరలు విడిపోయినాయి బావగారూ. రంగు కింద దాచారు."

నేనూ కొట్టి చూశాను. పురుగు తొలిచిన మామిడి మానును తడితే ఇలాగే పలుకుతుంది. అతనికి పగులు ఊరికే కనపడలేదని ఆ క్షణంలో నాకు ధైర్యం వచ్చింది. రెండో బోటు ఇసుక మీద ఈడ్చి ఈడ్చి అడుగు అరిగిపోయింది. దాన్నీ వద్దన్నాడు. అదీ నిజమే. నేను గట్టు మీద నలుగురిని కదిపి ఈ మధ్య ఏ బోటు ఎంతకు అమ్ముడుపోయిందో అడిగి తెలుసుకున్నాను. ఇంజనుతో సహా మంచి పాత ఫైబరు బోటు మూడు లక్షల చుట్టుపక్కల పలుకుతోందని తేలింది.

సాయంత్రం నాంచారయ్య బోటు దగ్గరికి వెళ్ళాం. ఆయనకు అరవై దాటాయి. గట్టు మీద కూర్చుని వల బాగుచేస్తున్నాడు. బోటుకు కొత్త రంగు వేయలేదు. పాత నీలం ఎండకు వెలిసిపోయి ఉంది. ఏసుబాబు తట్టి చూశాడు. పక్కలూ, ముక్కూ అంతా ఒకే చప్పుడు. వెనక ఇంజను బిగించిన చోట మాత్రం ఒక అతుకు ఉంది. దాని మీద అతని వేలు ఆగిపోయింది. ఎంతకూ కదల్లేదు.

"ఎంత చెబుతున్నారండీ?" అని నేనడిగాను.

నాంచారయ్య వల పక్కన పెట్టాడు. "గట్టు మీద బోటుకి ధర చెప్పనండీ. తెల్లవారుజామున సముద్రం పోటు మీదుంటుంది, నీళ్ళు ఎక్కువుంటాయి. బయటికెళ్ళొద్దాం. వచ్చాక మీరే చెప్పండి."

ఇంటికొచ్చాక ఏసుబాబు రత్నతో, "ముసలాయన నడుపుతాడులే, నేను ఊరికే కూర్చుంటా," అనడం నా చెవిన పడింది.

తెల్లవారకముందే కాలువకు వెళ్ళాం. రత్న గట్టు దాకా వచ్చింది. నేను ముందుగా ఇంజను మీద చెయ్యేశాను. చల్లగా ఉంది. నాంచారయ్య హ్యాండిల్ తిప్పాడు. ఒకసారి దగ్గి, నల్లపొగ వదిలి అందుకుంది. కాసేపటికి పొగ పలచబడింది. ముగ్గురం బయల్దేరాం.

కాలువలో మడచెట్ల మధ్య అరగంట ప్రయాణం. తూర్పున సన్నగా తెలుపు. ముందు నుంచి ఏదో చప్పుడు వినపడసాగింది. లారీలేవో వరసగా పోతున్నట్టు, ఆగకుండా. అది కెరటాల చప్పుడని నాకు తట్టనేలేదు. మలుపు తిరగ్గానే కనపడ్డాయి. కాలువ అంచులో తెల్లటి గోడలాగా లేవడం, కూలిపోవడం, మళ్ళీ లేవడం.

అప్పుడు నాంచారయ్య ఇంజను తగ్గించాడు.

"ఏసుబాబూ, ఇలా వచ్చి చుక్కాని పట్టుకో. నాకు కుడికన్ను మసకబారింది. కెరటం ఎంత దూరంలో ఉందో తెలీడం లేదు. అందుకే అమ్ముతున్నా."

"ఈ మాట గట్టు మీదే చెప్పొచ్చు కదా మావా!" అన్నాడు ఏసుబాబు.

"చెబితే వచ్చేవాడివా? వద్దంటే ఇప్పుడైనా తిప్పెయ్. నేనేమీ అనుకోను."

ఏసుబాబు లేచి వెనక్కి వెళ్ళాడు. చుక్కాని పట్టుకుని బోటును నిజంగానే వెనక్కి తిప్పాడు. గట్టు వైపు ముక్కు తిరిగింది. నాకు మనసులో హమ్మయ్య అనిపించింది కూడా. కానీ బోటు అక్కడ ఆగలేదు. అలాగే చుట్టూ తిరిగి మళ్ళీ సముద్రానికి ఎదురుగా వచ్చి నిలబడింది. ఏసుబాబు కెరటాల వైపే చూస్తున్నాడు. ఒకటి విరిగింది, ఇంకొకటి విరిగింది. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడో, ప్రార్థన చేస్తున్నాడో తెలియలేదు. పెద్ద కెరటం ఒకటి కూలి నురగ మా బోటు కింద నుంచి జారిపోగానే, "పట్టుకోండి బావగారూ!" అని అరిచాడు.

తర్వాత జరిగింది నాకు ముక్కలుగానే గుర్తుంది. ముక్కు పైకి లేచి ఆకాశం తప్ప ఏమీ కనపడలేదు. తర్వాత అంతా కిందికి జారి, బకెట్లతో కుమ్మరించినట్టు నీళ్ళు మీద పడ్డాయి. మళ్ళీ లేచింది. నేను కళ్ళు తెరిచి వెనక్కి చూశాను. ఏసుబాబు కాళ్ళు ఎడం చేసి నిలబడి ఉన్నాడు. నిన్న అన్నం ముందు తల ఎత్తని మనిషి ఇతనేనా! బోటు ఎటు ఒరిగితే అతని నడుము దానికి ఎదురు ఒరుగుతోంది. రెండూ ఒకే ఒళ్ళులాగా ఉన్నాయి. మూడో కెరటం దాటాక చప్పుడంతా మా వెనక్కి వెళ్ళిపోయింది.

నీళ్ళు బురదరంగు నుంచి పచ్చగా, పచ్చ నుంచి ముదురు నీలంగా మారాయి. నాంచారయ్య ఇంజను ఆపేయమన్నాడు. ఏసుబాబు ఆపాడు. అంత నిశ్శబ్దం నేను ఏ తోటలోనూ వినలేదు. అప్పుడే నీళ్ళలోంచి సూర్యుడు పైకొచ్చాడు, తడిసి, ఎర్రగా. తీరం ఒక గీత అయిపోయింది. మనిషి చేసిన వస్తువంటూ అక్కడ ఈ ఒక్క బోటే. మా బరువు మోస్తున్న ఫైబరు మందం నా బొటనవేలంత ఉంటుందేమో. నేను బల్ల మీద పడుకుని దానికి చెవి ఆనించాను. అవతల సముద్రం గుసగుసలాడినట్టు వినపడుతోంది. భయం వేయలేదు. ఎందుకో కళ్ళు చెమర్చాయి.

ఏసుబాబు మాత్రం తన పనిలో ఉన్నాడు. వెనక అతుకు దగ్గర వంగి, వేలితో తడి చూశాడు. సన్నగా ఊరుతోంది. ఇంజను నుంచి బయటికొచ్చే నీటి ధార పలచగా ఉందని చూపించాడు. మళ్ళీ స్టార్ట్ చేసి ముందుకీ వెనక్కీ తిప్పి విన్నాడు. వచ్చేటప్పుడు మొగ దగ్గర కెరటం వీపు మీద కూర్చోబెట్టినట్టు బోటును కాలువలోకి తెచ్చేశాడు.

రత్న ఇంకా గట్టు మీదే నిలబడి ఉంది. చుక్కాని దగ్గర ఎవరున్నారో చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

గట్టెక్కాక నాంచారయ్య, "ఇప్పుడు చెప్పండి," అన్నాడు నా వైపు చూసి. నేను నోరు తెరిచేలోపు ఏసుబాబే అందుకున్నాడు.

"అడుగు గట్టిది మావా. మొగలో బోటు నా మాట విన్నది. వెనక అతుకు మళ్ళీ వేయించాలి. నీళ్ళ పంపు మార్చాలి. అవన్నీ పోను రెండు లక్షల ఎనభై ఇస్తాను."

నా వ్యాపారంలో కొనేవాడు మొదట అంత దగ్గరి ధర చెప్పడు. కాస్త తక్కువతో మొదలుపెట్టి ఉంటే బాగుండేదనుకున్నాను. నాంచారయ్య ముసలివేళ్ళతో గడ్డం రుద్దుకున్నాడు.

"ఎక్కువ చెప్పావు. గేరు కూడా ఒకోసారి మొరాయిస్తుంది. ఇవాళ మీకు తెలీలేదు గానీ ఉంది. ఇంకో పది తగ్గించుకో."

"వెనక్కి తిప్పినప్పుడు గరగరమంది మావా, విన్నా. అది కూడా పోను చెప్పిన ధరే అది."

ముసలాయన కాసేపు అతని ముఖంలోకి చూశాడు. తర్వాత బోటు ముక్కు మీద అరచెయ్యి పెట్టి, "అయితే నీదే," అన్నాడు. వల దగ్గరికెళ్ళి కూర్చున్నాడు. రత్న ఆయనకు ఫ్లాస్కులో తెచ్చిన టీ పోసిచ్చింది. ఆ ఉదయమే బయానా ఇచ్చాం. కాగితాలు మార్పించే పనీ, అతుకు పనీ చూసి వెళ్ళమని ఇద్దరూ బలవంతం చేస్తే నేను ఇంకొన్నాళ్ళు ఉండిపోయాను.

ఒక ఆదివారం చర్చి అయ్యాక భోజనం చేసి బందరులో విజయవాడ బస్సెక్కాను. ఏసుబాబు ఆ సాయంత్రం పోటుకు తన సొంత బోటు మీద మొదటి వేటకు వెళ్ళాలి. నేను ఉంటే కంగారని గట్టుకు రావద్దన్నాడు. కిటికీ పక్క సీటే దొరికింది. చేతుల మీద ఉప్పు ఇంకా పొలుసులా ఉన్నట్టే అనిపించింది, ఇన్ని రోజులు స్నానాలు చేసినా. ఈ దారిలో పాత బోటు కోసం వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగేది కొంచెమే. గట్టు మీద ఎంత తట్టినా సగమే తెలుస్తుంది, నీళ్ళ మీదికి వెళ్ళండి. దాని మీద ప్రాణం పెట్టబోయే మనిషి చేతికే చుక్కాని ఇవ్వండి. ధర అప్పుడు దానంతటదే బయటికొస్తుంది. నేను ఇన్నేళ్ళూ ధర అంటే ఇద్దరి మధ్య లాగులాట అనుకున్నాను. ఆ గట్టు మీద ఇద్దరు మనుషులు ఒక వస్తువు గురించి తమకు తెలిసిన నిజమంతా చెప్పేసుకోవడం చూశాను. ఆ సముద్రమంత వింతగానే ఉంది అదీ.

పామర్రు దాటాక ఫోన్ మోగింది. రత్న. "హలో," అన్నాను. ఆమె పలకలేదు. చెవికి గట్టిగా ఆనించుకుంటే గాలి హోరు, దాని వెనక ఇంజను చప్పుడు వినపడింది. అది మెల్లగా దూరమవుతోంది. నేను ఫోన్ అలాగే పట్టుకుని కూర్చున్నాను.

పక్క సీటాయన నా వంక చూసి, "లైను కట్టయిందాండీ?" అని అడిగాడు.

"లేదండీ," అన్నాను. "బోటు వెళ్తోంది."